ముందు మీరు నడవండి

ఈ దేశంలో అంత్యక్రియలకు మైకు పెడతారు. ఇంటివాళ్ళు మాట్లాడటం అయ్యాక, పోయినవారి గురించి ఇంకెవరైనా నాలుగు మాటలు చెబుతారా అని అడిగి కాసేపు ఆగుతారు. మనకు ఆ అలవాటు లేదు. మనం ఏడుపులోనే అన్నీ కలిపి చెప్పేస్తాం. పోయిన గురువారం పాపకూర అనే ఊళ్ళో డాక్టరుగారి అంత్యక్రియల్లో ఆ మైకు దగ్గరికి తొమ్మిదిమంది లేచి వెళ్ళారు. నేను లేవలేదు. పదకొండేళ్ళు ఆయన క్లినిక్‌లో రిసెప్షన్ కుర్చీలో కూర్చున్నదాన్ని కదా, నేను తప్పకుండా లేస్తానని ఆంటీ, అంటే ఆయన భార్య, రెండుసార్లు నా వైపు చూశారు. తల దించుకుని కూర్చున్నాను.

అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. బతికుండగా ఒక్కసారి కూడా ఆయన్ని పేరుతో పిలవలేదు, ఇప్పుడు మొదలుపెట్టడం నావల్ల కాదు. ఇక్కడ నర్సులు, పేషెంట్లు, చివరికి పదేళ్ళ పిల్లలు కూడా ఆయన్ని పేరుతోనే పిలిచేవారు. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నాతో అన్నారు: "ఈ గారూ గీరూ ఎందుకమ్మాయ్? పేరుతో పిలువు. లేకపోతే వీళ్ళంతా గారు నా ఇంటిపేరనుకుంటారు." ప్రయత్నించాను. నోరు తిరగలేదు. పెద్దాయన, డాక్టరు, పైగా మా తణుకు వైపే, కాకినాడలో చదివినవారు. ఆ గౌరవమే తరవాత ఎంత పని చేసిందో చెబుతాను.

మామూలుగా క్లినిక్‌లో డాక్టర్లు తమ గది గుమ్మంలో నిలబడి పేషెంటు పేరు కేకేస్తారు. డాక్టరుగారు అలా కాదు. పొడుగాటి వసారా అంతా నడిచి, వెయిటింగ్ రూమ్ గుమ్మం దాకా వచ్చి, అక్కడ ఆగేవారు. పేరు నెమ్మదిగా పిలిచేవారు. ఆ మనిషి కుర్చీలోంచి ఎలా లేస్తున్నాడో చూసేవారు. చెయ్యి కుర్చీ పట్టుకుందా, మోకాలు పట్టుకుందా, నడుము పట్టుకుందా, అన్నీ చూసేవారు. తరవాత పక్కకు జరిగి, చెయ్యి చాపి, "ముందు మీరు నడవండి" అనేవారు. మనవాళ్ళతో తెలుగులో, మిగతావాళ్ళతో ఇంగ్లీషులో. ఎంత చిన్నవాళ్ళయినా ముందు వాళ్ళే నడవాలి, వెనక ఆయన. అబ్బ, ఎంత మర్యాదస్తుడో అనుకునేవారు జనం. మర్యాద కాదు. ఆయన కళ్ళు మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా వాళ్ళ కాళ్ళ మీదే ఉండేవి.

"గదిలోకొచ్చి కూర్చునేసరికి సగం జబ్బు తెలిసిపోతుంది. మిగతా సగం కోసమే ఈ కంప్యూటరు" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు, వందసార్లు విని ఉంటాను: "నోరు సర్దిచెబుతుందమ్మాయ్. కాలుకి ఆ విద్య రాదు."

ఈ విద్య ఆయనకు మెడిసిన్ పుస్తకాల్లోంచి రాలేదు. ఫుట్‌బాల్ నేర్పింది. ఆ కాకినాడ కాలేజీ పెట్టిన కొత్తల్లో తయారైన మొదటి జట్టులో ఆయన కుడి అంచున, రైట్ వింగ్ ఆడేవారు. ఎదురొచ్చేవాడి కళ్ళు చూస్తే మోసపోతామట. కుడివైపు చూస్తూ ఎడమవైపు దూరతాడట. అందుకని కాళ్ళు చూడటం నేర్చుకున్నారు. ఆయన గదిలో డిగ్రీ సర్టిఫికెట్ల పక్కన, వాటికంటే కాస్త పైన, ఆ జట్టు ఫోటో ఉండేది. పదకొండుమంది కుర్రాళ్ళు, ఐదుగురికి బూట్లు లేవు. ముందువరసలో మోకాళ్ళ మధ్య బంతి పెట్టుకుని కూర్చున్న బక్కపలుచని మనిషి ఈయనే. వర్షంలో తడిస్తే ఆ తోలు బంతి రాయైపోయేదని, తలతో కొడితే సాయంత్రం దాకా చెవుల్లో గంటలు మోగేవని చెప్పి నవ్వేవారు.

ఒకసారి మౌంట్ రాస్కిల్ నుంచి ఒకబ్బాయి వాళ్ళమ్మను తీసుకొచ్చాడు. విజిటర్ వీసా మీద కొడుకు దగ్గరికి వచ్చిన ఆవిడ. బీపీ మాత్రలు రాయించుకుపోదామని వచ్చారు. డాక్టరుగారు ఎప్పటిలాగే ముందు నడవమన్నారు. ఆవిడ చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని చకచకా నడిచారు. నాకేమీ తేడా కనబడలేదు. వసారా మధ్యలో డాక్టరుగారు ఆగిపోయారు.

"అమ్మా, ఆగండి. ఎప్పుడు పడ్డారు?"

"నేనెక్కడ పడ్డానండీ బాబూ, నిక్షేపంలా ఉన్నాను."

"నిక్షేపంలా ఉన్నవాళ్ళు గోడవైపు జరిగి నడవరు."

ఆవిడ కొడుకువైపు చూశారు, నావైపు చూశారు, చివరికి ఒప్పుకున్నారు. "బాత్రూములో జారానండి. పది రోజులైంది. వీడికి చెబితే కంగారు పడతాడని..." తుంటి దగ్గర సన్నని పగులుందని ఎక్స్‌రేలో తేలింది. ఇంకో వారం అలాగే తిరిగి ఉంటే ఏమయ్యేదో. డాక్టరుగారు ఎవరినీ కసురుకోని మనిషి, ఆ రోజు మాత్రం ఆవిడ మీద గట్టిగానే అరిచారు. "దాచిపెడితే ఎవరికి మేలమ్మా?"

ఆ అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నా మీద అరిచినట్టే వినిపిస్తుంది.

ఆయన అలవాట్లు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే ఏడుపొస్తుంది. పొద్దున పదకొండుకి క్లినిక్ మొత్తానికి 'హాఫ్ టైమ్'. ఇక్కడ శనివారం పిల్లల ఆటల్లో సగం ఆట అయ్యాక నారింజపండ్లు నాలుగేసి ముక్కలు కోసి అందరికీ పంచుతారు. ఆ పద్ధతి ఆయనకు ఎంత నచ్చిందంటే, రోజూ ఇంటి నుంచి డబ్బా నిండా ముక్కలు తెచ్చి, తినేదాకా పక్కన నిలబడి, తొక్కలు కూడా తనే ఏరేవారు. పేషెంటుకి ఒంట్లో ఎలా ఉన్నా సరే ఒక ముక్క ఇచ్చేవారు. షుగరున్న వాళ్ళకి సగం ముక్క.

బల్లకింద పాత ఫుట్‌బాల్ ఒకటి ఉండేది. పేషెంటు చెబుతున్నంతసేపూ బూటు విప్పిన కుడికాలి కింద అది అటూ ఇటూ దొర్లుతూ ఉండేది. పాత పేషెంట్లకి ఆ చప్పుడు అలవాటే. బంతి ఆగితే మాత్రం మాకు గుండె గుభేలుమనేది. బంతి ఆగిందంటే ఆ మనిషి చెప్పిన దాంట్లో డాక్టరుగారికి ఏదో నచ్చలేదన్నమాట.

ఒక ఫిబ్రవరిలో ఫైళ్ళు ఇవ్వడానికి లోపలికి వెళితే, బంతి ఎడమకాలి కింద ఉంది.

పట్టించుకోలేదు. రెండు రోజుల తరవాత వసారాలోంచి ఒక చప్పుడు వినిపించింది. ఒక అడుగు మామూలుగా, ఇంకో అడుగు పలకమీద అరచెయ్యి పడినట్టు. తల ఎత్తి చూశాను. డాక్టరుగారు పేషెంటు వెనక నడుస్తున్నారు. కుడికాలి మునివేళ్ళు సరిగ్గా లేవడం లేదు. మోకాలు కాస్త ఎక్కువ ఎత్తి, పాదాన్ని నేలమీద పడేస్తున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆయన నడక చూసే వీలు ఆ క్లినిక్‌లో ఇంకెవరికీ లేదు. పేషెంట్లు ఎప్పుడూ ఆయనకు ముందే ఉంటారు, ఆయన వెనకే నడుస్తారు. పిలవడానికి వచ్చినప్పుడు గుమ్మంలో ఆగిపోతారు. రెండో డాక్టరు తన గుమ్మంలోంచి కేకేసి లోపలికి పోతాడు. పాత నర్సు హినే కాన్పు కోసం ఏడాది సెలవులో ఉంది, ఆమె బదులు వచ్చినవాళ్ళు నెలకొకరు మారేవారు. ఇంట్లో ఆంటీకి చూపు సరిగ్గా ఆనదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన వీపునీ కాళ్ళనీ చూడగలిగేది రిసెప్షన్ కుర్చీ ఒక్కటే. ఆ కుర్చీలో ఉన్నది నేను.

మా ఆయనతో చెప్పాను. "నీకెందుకే? ఆయన డాక్టరు. ఊరందరి నడకా చెప్పేవాడికి సొంత నడక తెలీదా?" అన్నారు. అదే నాకూ సబబనిపించింది. అనిపించిందో, నాకు నేనే సర్దిచెప్పుకున్నానో. డాక్టరుగారితో మీరు కాలు ఈడుస్తున్నారండీ అనడానికి నేనెంతదాన్ని? మా ఇంట్లో మా నాన్నకి చొక్కా గుండీ ఊడిందని కూడా మా అమ్మ చేతే చెప్పించేవాళ్ళం. క్లినిక్ మూతపడితే నా ఉద్యోగం ఏమవుతుందన్న ఆలోచన కూడా ఒక మూల ఉంది. లేదని చెప్పను.

ఇంకా సిగ్గుపడే విషయం ఒకటుంది. ఆయన వసారాలోకి వస్తుంటే తల ఎత్తి నవ్వడం నాకలవాటు. ఆ చప్పుడు మొదలయ్యాక కంప్యూటరు చూడటం మొదలుపెట్టాను.

ఆ ఏడాది ఆగస్టులో ఆయన కాకినాడ వెళ్ళాల్సి ఉంది. ఫోటోలోని పదకొండుమందిలో నలుగురు మిగిలారు. ఆ నలుగురూ కాలేజీ గ్రౌండులో ఒకసారి కలవాలని, బంతి ఒకరి నుంచి ఒకరికి తన్నుకుంటూ ఈ గోలు నుంచి ఆ గోలు దాకా నడవాలని అనుకున్నారు. పరుగులు లేవు, నడకే. ఎనభైకి దగ్గరపడ్డ ముసలాళ్ళు ఈ ముచ్చటకి ఫోన్లలో ఏడాదిపాటు తగువులాడుకున్నారు. గోలు ఎవరు కొట్టాలని. "రైట్ వింగ్ నుంచి బంతి నేనివ్వాలి, అది మాత్రం తేలిపోయింది" అని హాఫ్ టైమ్‌లో మాకు చెప్పి, నారింజ ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. టికెట్టు నేనే బుక్ చేయించాను.

మే నెలాఖరులో క్లినిక్‌లోని రెండో డాక్టరు ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. ఇక్కడ మే నుంచి ఆగస్టు దాకా చలికాలం, వెయిటింగ్ రూమ్ నిండా దగ్గులు. డాక్టరుగారు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. చెయ్యి బల్ల అంచు మీద ఆనించారు. అంతకుముందెప్పుడూ అలా ఆనించేవారు కాదు.

"అమ్మాయ్, ట్రావెల్స్ వాళ్ళకి ఫోన్ చెయ్యి. టికెట్టు వచ్చే ఏడాదికి మార్పించు."

"వెళ్ళరా అండీ?"

"ఈ చలికాలంలో వీళ్ళనొదిలేసి ఎలా వెళతాను? గ్రౌండ్ ఎక్కడికీ పోదుగా. వచ్చే ఆగస్టు."

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నంబరు నొక్కాను. పక్కనే నిలబడి ఉన్నారు. వచ్చే ఆగస్టుకి ఈ కాలు ఇలా ఉండదని నాకు తెలుసు. ఎలా తెలుసంటే, పదకొండేళ్ళు ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఫిబ్రవరిలో రోజుకి ఒకటి రెండుసార్లు వినిపించిన చప్పుడు మేలో ప్రతి అడుగుకీ వినిపిస్తోంది. ఒక్క మాట. మార్చకండి డాక్టరుగారూ, ఇప్పుడే వెళ్ళండి, మీ కాలు చూపించుకోండి. అవతల ట్రావెల్స్ అమ్మాయి హలో అంది. టికెట్టు మార్పించాను. థాంక్స్ అమ్మాయ్ అని, గోడవైపు కాస్త జరిగి, నడిచి వెళ్ళిపోయారు.

సెప్టెంబరులో హినే సెలవు నుంచి వచ్చింది. ఈ దేశపు మూలవాసుల్లో, మావోరీల్లో పుట్టిన పిల్ల, మనసులో ఉన్నది నాలుక మీద ఉంటుంది. మొదటిరోజు పొద్దున, కోటు కూడా విప్పకుండా నా బల్ల దగ్గర నిలబడి కబుర్లు చెబుతోంది. డాక్టరుగారు పేషెంటుని తీసుకెళుతున్నారు. హినే మాట మధ్యలో ఆపి, ఆయన్ని పేరు పెట్టి పిలిచి, వసారా అంతా వినబడేలా, "ఏమైంది నీ కాలికి?" అంది. తెలుగులో చెబితే ఇంత మోటుగా ఉంటుంది. ఇంగ్లీషులో ప్రేమగానే ఉంది.

డాక్టరుగారు ఆగారు. కాలివైపు చూసుకున్నారు. "ఏమో. కొద్దిగా పట్టేసినట్టుంది" అన్నారు.

"కొద్దిగా కాదు. లోపలికి పద, చూస్తాను."

వచ్చి పది నిమిషాలు కాలేదు ఆ అమ్మాయి. నేను ఏడు నెలలుగా చూస్తున్నాను.

కండరాలకు కబురు మోసే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు అన్నారు. మందు లేదు. ముందు తెలిసినా ఆపగలిగేది కాదని స్పెషలిస్టు చెప్పాడట. ఆ మాట విని నేను ఎంత తేలికపడ్డానో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. ఆ తేలిక ఆ సాయంత్రం దాకా కూడా లేదు. ఆపలేకపోవచ్చు. కానీ మేలో ఆయన నడుస్తున్నారు కదా. ఆగస్టులో కూడా, గోడ పట్టుకునైనా, నడిచారు. గ్రౌండులో ఈ గోలు నుంచి ఆ గోలు దాకా నడిచే కాళ్ళు అప్పటికి ఆయనకున్నాయి. డిసెంబరులో వాకర్. తరవాతి ఆగస్టుకి చక్రాల కుర్చీ. కాకినాడలో మిగిలిన ముగ్గురిలో ఒకరు ఆ లోపే పోయారు. క్లినిక్ వేరేవాళ్ళు తీసుకున్నారు. నేను ఇంకో చోట చేరాను. అక్కడ పేషెంటు పేరు గోడమీది తెర మీద వస్తుంది, ఎవరి దారిన వాళ్ళు లోపలికి పోతారు.

నెల కిందట ఒక ఆదివారం ఆయన ఇంటికి వెళ్ళాను. అంతకుముందు చాలాసార్లు వెళ్ళాను, పులిహోర తీసుకుని, గోంగూర తీసుకుని, చెప్పాల్సిన మాట తప్ప అన్నీ తీసుకుని. ఆ రోజు ఉత్త చేతులతో వెళ్ళాను. కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నారు. మాట ముద్దగా వస్తోంది, ఒక్కో మాటకీ ఊపిరి వెతుక్కుంటున్నారు. ఒళ్ళో ఆ పాత బంతి.

"డాక్టరుగారూ, మీ కాలు నేను ముందే చూశాను" అన్నాను.

ఆయన పేషెంటుని అడిగినట్టే అడిగారు.

"ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో. హినే రాకముందు."

"వేళ్ళు... ఈడ్చుకునేవా? పాదం పడేదా?"

"పాదం పడేదండి. చప్పుడొచ్చేది."

"చెయ్యి?"

"బల్లమీద ఆనించేవారు. మేలో."

తల ఊపారు. బాగా గమనించావు అన్నట్టే ఊపారు. నాకు అరిచినా బాగుండుననిపించింది. ఆ ముసలావిడ మీద అరిచినట్టు. మళ్ళీ అడిగారు.

"టికెట్టు... మార్చినప్పుడు... తెలుసా?"

"తెలుసండి."

ఒళ్ళోని బంతి మీద ఆయన వేళ్ళు ఆగిపోయాయి. అప్పటిదాకా అవి కదులుతున్నాయని ఆగాకే తెలిసింది. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. నేను ఏడుస్తూ ఏదో అన్నాను, క్షమించమన్నాననుకుంటా. ఆంటీ నారింజ ముక్కలు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టారు. ఆయన తినలేరు, నేను తినలేదు. లేచాను. గుమ్మం దాకా నడిచి వెనక్కి తిరిగి చూశాను. ఎవరు నడుస్తున్నా చూసే మనిషి, నన్ను చూడలేదు. కిటికీలోంచి బయటికే చూస్తున్నారు. నాకు తగిన శాస్తే అనుకుంటూ కారు దాకా వెళ్ళాను.

సాయంత్రం ఆంటీ ఫోన్ చేశారు.

"ఏమ్మా, నీ ఎడమ మోకాలు నొప్పా?"

"ఎవరు చెప్పారాంటీ?"

"ఈయనే. నువ్వు కారు దాకా నడుస్తుంటే కిటికీలోంచి చూశారట. ఎడమకాలి మీద బరువు వెయ్యట్లేదన్నారు. ఆ మాట చెప్పడానికి పావుగంట పట్టింది పాపం. రేపే చూపించుకోమన్నారు. ఆలస్యం చెయ్యొద్దని మరీ మరీ చెప్పమన్నారు."

నిజమే. రెండు నెలలుగా మెట్లు దిగుతుంటే నొప్పి. ఎవరికీ చెప్పలేదు. మా ఆయన పక్కనే నడుస్తారు, ఆయనా చూడలేదు.

అందరూ మైకు దగ్గరికి వెళుతుంటే నేను లేవకపోవడానికి కారణం మాటలు లేకపోవడం కాదు. నేను కూర్చున్నచోటి నుంచి మైకు దాకా ఇరవై అడుగులుంటుంది. ఇరవై అడుగులూ జనం ముందు నడవాలి. నా నడక చూసి, ఉన్నదున్నట్టు ఆ పూటే చెప్పే మనిషి ఆ హాల్లో ఒక్కరే ఉన్నారు. ఆయన మైకు పక్కన, పూలు కప్పిన పెట్టెలో పడుకుని ఉన్నారు.